న్యూకాసిల్ ఊరి పిల్లాణ్ణి ఎందుకు అమ్ముకుంది? యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల రాబడి లెక్క

2024 జూన్ ఆఖరి వారాంతం. సీజన్ అయిపోయి నెల దాటింది. ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న న్యూకాసిల్ యునైటెడ్ క్లబ్బులో మాత్రం ఇద్దరు కుర్రాళ్లను ఎలాగైనా అమ్మేయాలన్న హడావుడి. ఒకడు ఇలియట్ ఆండర్సన్. ఆ చుట్టుపక్కలే పుట్టి, చిన్నప్పటి నుంచి అదే క్లబ్బు అకాడమీలో పెరిగినవాడు. రెండోవాడు గాంబియాకు చెందిన యాంకుబా మింతె. ఏడాది కిందట కొన్న పంతొమ్మిదేళ్ల వింగర్, న్యూకాసిల్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. జూన్ 30 దాటకముందే బేరాలు తేలిపోవాలి. తేలాయి. ఆండర్సన్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి, మింతె బ్రైటన్‌కి వెళ్లిపోయారు. ఇద్దరికీ కలిపి సుమారు ఆరున్నర కోట్ల పౌండ్లు. పౌండంటే మన వంద రూపాయల పైమాటే.

అప్పుల్లో ఉన్న క్లబ్బు ఇలా అమ్ముకుంటే ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ న్యూకాసిల్‌లో ఎక్కువ వాటా సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధిది. 2021 అక్టోబరులో ఆ నిధి ముందుండి క్లబ్బును కొన్నప్పుడు ఊరంతా వీధుల్లోకి వచ్చి పండగ చేసుకుంది. ఫుట్‌బాల్‌లో అంతకంటే డబ్బున్న యజమాని దొరకడం కష్టం. మరి అలాంటి యజమాని ఉండగా, తమ చేతుల్లో పెరిగిన పిల్లాణ్ణి ఎందుకు అమ్ముకోవాల్సి వచ్చింది?

తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే యూరప్ ఫుట్‌బాల్ డబ్బు వ్యవహారం మొత్తం బయటికి వస్తుంది. ముందే చెప్పేస్తాను: అక్కడ ఇప్పుడు యజమాని జేబులో ఎంత ఉందన్నది లెక్కలోకి రాదు. క్లబ్బు తన కాళ్ల మీద తాను నిలబడి ఏడాదికి ఎంత సంపాదిస్తోందన్నదే లెక్క. పోటీ మైదానంలో ఎంత ఉందో, ఆ రాబడి పెంచుకోవడంలోనూ అంతే ఉంది.

మనకు అలవాటైన ఐపీఎల్ పద్ధతిని కాసేపు పక్కన పెట్టాలి. ఐపీఎల్‌లో పాయింట్ల పట్టికలో అట్టడుగున నిలిచినా వచ్చే ఏడాది మళ్లీ ఆడొచ్చు. హైదరాబాద్ జట్టు ఒక సీజన్ బాగా ఆడకపోతే మనకు బాధే తప్ప, జట్టు మాయమైపోతుందన్న భయం లేదు. వేలంలో అందరి పర్సూ ఒకటే. యూరప్‌లో ఈ రెండు భరోసాలూ లేవు. ఇంగ్లండ్‌లో మొదటి డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లో ఆఖరి మూడు స్థానాల్లో నిలిస్తే కింది డివిజన్‌కు పడిపోతారు, రాబడి ఒక్క దెబ్బతో కుప్పకూలుతుంది. పైన నాలుగైదు స్థానాల్లో ఉంటే, యూరప్ దేశాల మేటి క్లబ్బులు తలపడే చాంపియన్స్ లీగ్ తలుపు తెరుచుకుంటుంది. కింద గొయ్యి, పైన నిధి. జీతాలకు అందరికీ ఒకే పరిమితి అంటూ లేదు కాబట్టి, ప్రతి క్లబ్బూ చేతికొచ్చిన డబ్బంతా మంచి ఆటగాళ్ల మీద పెడుతుంది. పక్కవాడు పెడుతున్నాడు కదా మరి!

అందుకే ఇంత డబ్బు తిరిగే ఆటలో లాభాలు ఇంత తక్కువ. మాంచెస్టర్ సిటీ 2023-24లో జీతాలకే 41 కోట్ల పౌండ్ల పైన ఖర్చు పెట్టింది. రెండో డివిజన్ అయిన చాంపియన్‌షిప్‌లోనైతే, మొత్తం రాబడికి మించి జీతాలిచ్చిన క్లబ్బులు ఏటా కొన్ని కనిపిస్తాయి. ఎలాగైనా ప్రీమియర్ లీగ్‌కు ఎక్కేస్తే అన్నీ తీరిపోతాయన్న ఆశ.

ఆ ఆశ ఎక్కడిదాకా తీసుకెళ్తుందో లీడ్స్ యునైటెడ్ చూపించింది. 2001లో ఆ జట్టు చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడింది. వచ్చే ఏళ్లలోనూ ఆ పోటీలో ఉంటాం, ఆ డబ్బు వస్తుంది అన్న ధీమాతో, రాబోయే టికెట్ల ఆదాయాన్ని చూపించి అప్పులు తెచ్చి ఆటగాళ్లను కొన్నది. మరుసటి సీజన్‌కు చాంపియన్స్ లీగ్‌లో చోటు తప్పిపోయింది. అంతే. అప్పులవాళ్లు వచ్చి కూర్చున్నారు. జట్టులో పేరున్న డిఫెండర్ రియో ఫెర్డినాండ్‌ను మాంచెస్టర్ యునైటెడ్‌కి అమ్మారు, ఆ తర్వాత ఒక్కొక్కరినీ అమ్ముకుంటూ పోయారు. 2004లో ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయింది, 2007లో మూడో డివిజన్‌కు జారింది. మళ్లీ ప్రీమియర్ లీగ్ ముఖం చూసింది 2020లో. పదహారేళ్లు. ఒక తరం పిల్లలు తమ ఊరి జట్టును పెద్ద లీగ్‌లో చూడకుండానే పెద్దవాళ్లయ్యారు.

ఇక రాబడి సంగతి. క్లబ్బుల డబ్బు మూడు దారుల్లో వస్తుంది: మ్యాచ్ రోజు స్టేడియంలో వచ్చేది, టీవీ హక్కుల మీద వచ్చేది, స్పాన్సర్లు, సరుకుల అమ్మకం లాంటి వ్యాపారం మీద వచ్చేది. ఏటా ఈ లెక్కలు కట్టే డెలాయిట్ సంస్థ ప్రకారం 2023-24లో స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్ రాబడి 100 కోట్ల యూరోలు దాటింది. ఫుట్‌బాల్ క్లబ్బు ఆ గీత దాటడం అదే మొదలు. ఆటగాళ్లను అమ్మగా వచ్చిన డబ్బు ఇందులో కలవదు.

మూడు దారుల్లో పాతది స్టేడియం గేటు. టీవీ డబ్బు ముందు అది చిన్నదైపోయిందని చాలాకాలం అనుకున్నారు. అది తప్పని రియల్ మాడ్రిడ్ నిరూపించింది. వాళ్ల బెర్నబ్యూ స్టేడియాన్ని బాగుచేసేటప్పుడు మైదానాన్నే పొడవాటి పలకలుగా విడదీశారు. మ్యాచ్ లేని రోజుల్లో గడ్డితో సహా ఆ పలకలు ఒక్కొక్కటిగా నేల కిందికి దిగిపోతాయి. అడుగున ఒకదాని మీద ఒకటి అరల్లా సర్దుకుంటాయి. అక్కడ గడ్డికి దీపాల వెలుగు, నీళ్లు, గాలి అన్నీ అందుతాయి. పైన మిగిలిన గట్టి నేల మీద కచేరీ పెట్టుకోవచ్చు, ఇంకో ఆట ఆడించుకోవచ్చు. నడి ఊళ్లో ఉన్న స్థలం పాతిక ముప్పై మ్యాచ్‌ల రోజులు తప్ప ఖాళీగా పడి ఉండటం ఎందుకన్నది వాళ్ల ఆలోచన. బాగుచేశాక ఒక్క ఏడాదిలో మ్యాచ్ రోజు రాబడి రెండింతలై 25 కోట్ల యూరోలకు దగ్గరైంది. ఖరీదైన బాక్సులు, విందుతో కలిపి అమ్మే సీట్లు అందులో పెద్ద భాగం. అయితే కచేరీల చప్పుడు భరించలేక చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లవాళ్లు కోర్టుకెక్కారు. 2024 సెప్టెంబరులో క్లబ్బు ఆ కార్యక్రమాలు ఆపుకోవాల్సి వచ్చింది. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కిటికీ బయట వేలమంది అర్ధరాత్రిదాకా పాడుతుంటే నిద్రెలా పడుతుంది?

ఆర్సెనల్ 2006లో 38 వేల మంది పట్టే పాత హైబరీ నుంచి 60 వేల మంది పట్టే కొత్త స్టేడియానికి మారిందీ, టాటెన్‌హామ్ 2019లో అమెరికన్ ఫుట్‌బాల్ కూడా ఆడించేలా కొత్త మైదానం కట్టుకున్నదీ ఈ లెక్కతోనే. ఈ గేటు డబ్బులో ఇంకో సుగుణం ఉంది. టీవీ డబ్బు నలుగురితో పంచుకోవాలి. గేటు దగ్గర వసూలైంది మాత్రం లీగ్ మ్యాచ్‌లో ఇంటి జట్టుదే.

టీవీ డబ్బు పంపకంలోనే ఇంగ్లండ్ మిగతా దేశాలను దాటిపోయింది. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడే హక్కులు అందరూ కలిసి అమ్మాలి, దేశంలో వచ్చిన డబ్బులో సగం సమానంగా పంచాలి, పావు వంతు పట్టికలో స్థానాన్ని బట్టి, పావు వంతు టీవీలో ఎన్ని మ్యాచ్‌లు వచ్చాయో దాన్ని బట్టి ఇవ్వాలి అని పద్ధతి పెట్టుకున్నారు. 2023-24లో టైటిల్ గెలిచిన మాంచెస్టర్ సిటీకి ఈ ఖాతాలో 17.6 కోట్ల పౌండ్లు వస్తే, అట్టడుగున నిలిచి పడిపోయిన షెఫీల్డ్ యునైటెడ్‌కి దాదాపు 11 కోట్లు వచ్చాయి. మొదటివాడికీ ఆఖరివాడికీ తేడా రెండింతలు కూడా లేదు. స్పెయిన్‌లోనైతే చాలాకాలం ఎవరి హక్కులు వాళ్లు అమ్ముకున్నారు. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా సింహభాగం తీసుకుపోతే మిగతావాళ్లకు మిగిలింది కొంచెమే. అందరూ కలిసి అమ్మాలని 2015లో ప్రభుత్వమే ఉత్తర్వు తేవాల్సి వచ్చింది. అప్పటికే ఇంగ్లండ్‌లో మధ్యలో నిలిచే జట్టు కూడా యూరప్‌లోని పేరున్న జట్ల కంటే ఎక్కువ జీతాలిచ్చే స్థితికి చేరింది. ఇంగ్లండ్ లోపలి హక్కులే 2025 నుంచి నాలుగేళ్లకు 670 కోట్ల పౌండ్లు పలికాయి. విదేశాల హక్కులు దానికి అదనం. శనివారం సాయంత్రం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని మ్యాచ్ చూసేవాడి చందాలో కొంత ఆ ఖాతాకే చేరుతుంది. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకు పెట్టే మ్యాచ్ మనకు సాయంత్రం తీరిగ్గా చూసే వేళకు సరిపోతుంది.

టీవీ డబ్బును నమ్ముకుంటే ఎంత టెన్షనో ఫ్రాన్స్‌ను చూస్తే తెలుస్తుంది. మీడియాప్రో అనే సంస్థ ఏడాదికి దాదాపు 80 కోట్ల యూరోలు ఇస్తానని 2020లో ప్రసారాలు మొదలుపెట్టి, కొన్ని నెలలకే వాయిదాలు కట్టడం మానేసింది. డిసెంబరుకల్లా ఒప్పందం రద్దయింది. ఆ డబ్బు వస్తుందని ముందే ఆటగాళ్లకు జీతాలు ఒప్పుకున్న క్లబ్బులు ఏమవుతాయి? అప్పటి నుంచి ఫ్రెంచ్ లీగ్ టీవీ హక్కుల ధర కోలుకోలేదు. చివరికి 2025లో లీగే సొంత చానల్ పెట్టుకుంది.

ఈ లీగ్ డబ్బు మీద యూరప్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ నడిపే చాంపియన్స్ లీగ్ డబ్బు. 2024-25లో కొత్త పద్ధతి వచ్చాక, ఆ పోటీలో అడుగుపెట్టిన ప్రతి క్లబ్బుకూ ముందుగా 1.86 కోట్ల యూరోలు ఇస్తారు. లీగ్ దశలో ఒక్కో గెలుపుకు 21 లక్షలు, డ్రాకు 7 లక్షలు. చివరి పదహారులోకి వస్తే 1.1 కోట్లు, ఫైనల్ చేరితే 1.85 కోట్లు, గెలిస్తే ఇంకో 65 లక్షలు. వీటికి తోడు గత కొన్నేళ్ల ప్రదర్శన, దేశపు టీవీ మార్కెట్ విలువ చూసి ఇచ్చేది వేరే. అంటే నిన్న బాగా ఆడినవాడికి ఇవాళ ఎక్కువ, దాంతో రేపు ఇంకా బాగా ఆడతాడు. ధనవంతుడు ఇంకా ధనవంతుడయ్యే ఈ చక్రమే ఆటకు పెద్ద సమస్య అని నా అభిప్రాయం.

మూడో దారి వ్యాపారం. ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. స్టార్ ఆటగాణ్ణి కొనగానే జెర్సీలు అమ్మేసి ధర రాబట్టేశారు అంటుంటారు. 2018లో క్రిస్టియానో రొనాల్డో జువెంటస్‌కు వెళ్లినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఇదే తిరిగింది. అది నిజం కాదు. జెర్సీ తయారుచేసి అమ్మేది అడిడాస్, నైకీ లాంటి కంపెనీ. మామూలుగా క్లబ్బుకు ఆ కంపెనీ ఏటా ఇంత అని ఒప్పుకున్న మొత్తం ఇస్తుంది, అమ్మిన ప్రతి జెర్సీ మీద క్లబ్బుకు చేరే వాటా చిన్నది. మాంచెస్టర్ యునైటెడ్ అడిడాస్‌తో 2025 నుంచి పదేళ్లకు చేసుకున్న ఒప్పందంలో క్లబ్బుకు ఖాయమైన మొత్తం కనీసం 90 కోట్ల పౌండ్లు. చాంపియన్స్ లీగ్‌లో ఆడని ప్రతి సీజన్‌కూ అందులో కోటి పౌండ్లు కోత. స్టార్ వల్ల లాభం నెమ్మదిగా, తర్వాతి స్పాన్సర్ ఒప్పందం ధరలో కనిపిస్తుంది.

ఈ వ్యాపారపు దారిలోనే సందేహాలు ఎక్కువ. స్పాన్సర్, యజమాని ఒకే ఇంటివాళ్లయితే ఏమిటి? మాంచెస్టర్ సిటీని 2008లో అబుదాబి రాజకుటుంబానికి చెందిన షేక్ మన్సూర్ కొన్నారు, 2011లో ఆ అబుదాబికే చెందిన ఎతిహాద్ విమానసంస్థ పేరు స్టేడియానికి ఎక్కింది. యజమాని డబ్బే స్పాన్సర్ పేరుతో వచ్చిందని యూఈఎఫ్‌ఏ 2020లో సిటీని తన పోటీల నుంచి రెండేళ్లు నిషేధించింది. క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది, జరిమానాను 3 కోట్ల నుంచి కోటి యూరోలకు తగ్గించింది. 2023 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్ విడిగా వందకు పైగా అభియోగాలు మోపింది. తాము ఏ తప్పూ చేయలేదన్నది సిటీ వాదన.

ఇప్పుడు న్యూకాసిల్ ప్రశ్నకు దగ్గరికొచ్చాం. కానీ దానికి ముందు ఆటగాణ్ణి కొనడం, అమ్మడం పద్దు పుస్తకంలో ఎలా ఎక్కుతుందో చూడాలి. అసలు కిటుకు అక్కడుంది.

2023 జనవరి 31. చెల్సీ క్లబ్బు పోర్చుగల్‌లోని బెన్‌ఫికా నుంచి ఎంజో ఫెర్నాండెజ్‌ను 10.68 కోట్ల పౌండ్లకు కొన్నది. కాంట్రాక్టు ఎనిమిదిన్నరేళ్లు. ఆ ఏడాది ఖర్చు కింద పుస్తకంలో 10.68 కోట్లూ రాయరు. మిల్లు యజమాని కొత్త యంత్రం కొని దాని ధరను ఏటేటా తరుగుదలగా రాసుకున్నట్టు, ఆటగాడి ధరను కాంట్రాక్టు కాలానికి పంచి రాస్తారు. ఎనిమిదిన్నరతో భాగిస్తే ఏడాదికి సుమారు 1.26 కోట్లు. అదే ఐదేళ్ల కాంట్రాక్టైతే 2.14 కోట్లు పడేది. చెల్సీ ఈ పద్ధతిలో వరసగా పొడవాటి కాంట్రాక్టులు ఇచ్చుకుంటూ పోయింది. అది చూసి యూఈఎఫ్‌ఏ, ఆ వెనకే ప్రీమియర్ లీగ్, ఎంత పొడవు కాంట్రాక్టైనా ధరను ఐదేళ్లకు మించి పంచకూడదని 2023లోనే గీత గీశాయి.

అమ్మకం లెక్క దీనికి తిరగేసి ఉంటుంది. అదే 2023 జులైలో చెల్సీ మేసన్ మౌంట్‌ను మాంచెస్టర్ యునైటెడ్‌కి 5.5 కోట్ల పౌండ్లకు అమ్మింది. మౌంట్ ఆరేళ్ల వయసులో చెల్సీ అకాడమీలో చేరాడు. అతణ్ణి కొన్నది లేదు కాబట్టి పుస్తకంలో అతని విలువ సున్నా. సున్నా ధర సరుకు 5.5 కోట్లకు పోతే మొత్తం లాభమే. పైగా ఆ లాభం ఆ ఒక్క ఏడాదిలోనే రాసుకోవచ్చు, ఎనిమిదేళ్లకు పంచనక్కర్లేదు. అంటే ఇంట్లో పెరిగిన ఒక్క మౌంట్‌ను అమ్మితే, ఎంజో లాంటి నలుగురికి ఆ ఏడాది పడే తరుగుదల తీరిపోయి ఇంకా మిగులుతుంది. ఊరివాళ్లకు ఎవరు ఎక్కువ ఆప్తులో, పద్దు పుస్తకానికి వాళ్లే అమ్మడానికి అనువైన సరుకు. ఈ నిబంధనలు తెచ్చిన నష్టాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. రాసినవాళ్ల ఉద్దేశం అది కాకపోవచ్చు, జరిగింది మాత్రం అదే.

ఆ నిబంధనలు ఏమిటి? ప్రీమియర్ లీగ్‌లో క్లబ్బు మూడేళ్లలో కలిపి 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టపోకూడదన్నది 2025-26 సీజన్ దాకా ఉన్న నియమం. స్టేడియం కట్టడం, అకాడమీ నడపడం లాంటి ఖర్చులకు మినహాయింపు ఉండేది. యజమాని తన జేబులోంచి నింపినా, ఈ గీతను దాటనిచ్చేవారు కాదు. చాలా క్లబ్బుల లెక్కల సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. న్యూకాసిల్ హడావుడి అందుకే. రెండేళ్లుగా ఆటగాళ్ల మీద భారీగా ఖర్చు పెట్టింది, రాబడి అంత వేగంగా పెరగలేదు. ఆ రాత్రి దాటితే గీత దాటినట్టే. సౌదీ కంపెనీల నుంచి ఇష్టం వచ్చినంత స్పాన్సర్‌షిప్ తెచ్చుకుందామన్నా కుదరదు, ఎందుకంటే యజమానితో సంబంధమున్న ఒప్పందం మార్కెట్ ధరకు తగ్గట్టు ఉందా లేదా అని లీగ్ పరిశీలిస్తుంది. ఆ పరిశీలన గట్టిపడింది కూడా న్యూకాసిల్ చేతులు మారాకే.

జూన్ 30ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో, ఆండర్సన్‌ను కొన్న నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కే అంతకు ముందు తెలిసొచ్చింది. 2023 వేసవిలో ఆ క్లబ్బు తన అకాడమీలో పెరిగిన బ్రెనన్ జాన్సన్‌ను అమ్మాల్సి ఉంది. గడువులోపు అమ్మితే తక్కువ వస్తుందని ఆగి, రెండు నెలలు ఆలస్యంగా టాటెన్‌హామ్‌కి ఎక్కువ ధరకు అమ్మింది. వ్యాపారపరంగా అది మంచి నిర్ణయమే. కానీ ఆ డబ్బు మరుసటి ఏడాది పద్దులో పడింది. 2024 మార్చిలో లీగ్ నాలుగు పాయింట్లు కోసేసింది. అదే సీజన్‌లో ఎవర్టన్‌కు పది పాయింట్ల కోత పడింది, అప్పీలు తర్వాత ఆరుకు తగ్గింది, ఇంకో లెక్క మీద మళ్లీ రెండు పోయాయి. పాయింట్ల పట్టిక చూసే అభిమాని ఆడిటరు నివేదిక కూడా చదవాల్సిన రోజులు వచ్చాయి.

గీత ఉన్నచోట దాన్ని దాటకుండా పక్కనుంచి పోయే దారులూ ఉంటాయి. చెల్సీ తన స్టేడియం పక్కనున్న రెండు హోటళ్లను తన యజమానులదే అయిన ఇంకో కంపెనీకి 7.65 కోట్ల పౌండ్లకు అమ్మినట్టు రాసింది. ఆ తర్వాత మహిళల జట్టునూ అలాగే సొంత గొడుగు కిందే చేతులు మార్చింది. అప్పటి ప్రీమియర్ లీగ్ నిబంధనల్లో దానికి అడ్డు లేదు. యూఈఎఫ్‌ఏ మాత్రం ఆ డబ్బును రాబడిగా ఒప్పుకోలేదు. 2025 జులైలో చెల్సీ 3.1 కోట్ల యూరోల జరిమానాకు తలొగ్గింది.

స్పెయిన్‌లో పద్ధతి వేరు. అక్కడ తప్పు జరిగాక శిక్ష వేయరు. జట్టు మీద ఎంత ఖర్చు పెట్టొచ్చో లీగ్ ముందే చెబుతుంది. అది దాటితే ఆటగాడి పేరే నమోదు చేయదు. 2021 ఆగస్టులో మెస్సీ బార్సిలోనాను వదలాల్సి రావడానికి కారణం అదే. అతను ఉండాలనుకున్నాడు, క్లబ్బు ఉంచుకోవాలనుకుంది, కానీ 135 కోట్ల యూరోల అప్పుల్లో ఉన్న క్లబ్బుకు అతని పేరు నమోదు చేసుకునే వెసులుబాటు లేదు. అతను వీడ్కోలు సభలో ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకుని ఏడ్వడం చూసినవాళ్లెవరూ మరిచిపోరు. మరుసటి ఏడాది బార్సిలోనా, పచ్చి పైరు మీదే పంట అమ్ముకున్న రైతులా, రాబోయే పాతికేళ్ల లీగ్ టీవీ రాబడిలో పావు వంతును ఒక పెట్టుబడి సంస్థకు అమ్మేసి కొత్త ఆటగాళ్లను కొన్నది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ క్లబ్బును నడిపేవాళ్లు కూడా ఆ వాటా కడుతూనే ఉంటారు. బార్సిలోనాకు యజమాని అంటూ ఎవరూ లేరు, లక్షకు పైగా సభ్యులదే క్లబ్బు. సభ్యుల క్లబ్బైతే జాగ్రత్తగా నడుస్తుందని నేను నమ్మేవాణ్ణి. ఎన్నికల్లో గెలవడానికి అధ్యక్షుడు స్టార్లను తెస్తానని మాటివ్వాల్సి వస్తే, సభ్యులూ అప్పును ఆపలేరని బార్సిలోనా చూశాక అర్థమైంది. జర్మనీలో సగానికి పైగా ఓటు హక్కు సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఇంకా నిలబడి ఉంది. టికెట్లు చవక, స్టాండ్లు నిండుగా ఉంటాయి. అయినా 2013 నుంచి 2023 దాకా వరసగా పదకొండు టైటిళ్లు ఒక్క బయర్న్ మ్యూనిక్‌వే.

రాబడి లేని క్లబ్బు ముందు మిగిలే మంచి దారి తెలివి. బ్రైటన్ 2021లో ఈక్వడార్ నుంచి మోయిసెస్ కైసెడోను దాదాపు 45 లక్షల పౌండ్లకు తెచ్చి, 2023లో చెల్సీకి పది కోట్ల పౌండ్లకు అమ్మింది. బెన్‌ఫికా ఎంజోను అర్జెంటీనా నుంచి కొని ఆరు నెలలకే పదింతలకు అమ్మింది. వీళ్లకు అమ్మడమంటే ఓటమి కాదు, ఏటా వచ్చే పంట.

తెలివీ లేక, రాబడీ లేక, యజమాని డబ్బు మీదే బతికే క్లబ్బుల కథ మనకు కొంచెం దగ్గరిది. వెంకీస్ పేరు వినని కోళ్ల రైతు మన దగ్గర ఉండడు. పుణెకు చెందిన ఆ కుటుంబమే 2010 నవంబరులో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను 2.3 కోట్ల పౌండ్లకు కొన్నది. ఒకప్పుడు స్థానిక ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ డబ్బుతో 1994-95లో ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బు అది. కొన్న కొద్ది వారాలకే అనుభవమున్న మేనేజరును తీసేశారు. 2012 మేలో సొంత మైదానంలో విగాన్ చేతిలో ఓడి కింది డివిజన్‌కు పడిపోయింది. ఆ మ్యాచ్‌లో అభిమానులు కోపంతో క్లబ్బు జెండా చుట్టిన కోడిని మైదానంలోకి వదిలారు. పడిపోయిన క్లబ్బులకు కొన్నేళ్లు కొంత టీవీ డబ్బు ఇస్తారు. అది అయిపోయాక నష్టాలన్నీ యజమాని మీదే. 2017లో మూడో డివిజన్‌కు కూడా జారింది, ఏడాదిలో తిరిగి రెండోదానికి ఎక్కింది. ఆ కుటుంబం ఇన్నేళ్లుగా డబ్బు పెడుతూనే ఉంది. అభిమానుల కోపమూ న్యాయమైనదే. గెలుపు తేలేకపోయినా, డబ్బు ఆపి ఉంటే ఆ క్లబ్బు ఏమయ్యేదో ఆలోచించాలి. 1885లో పుట్టిన బరీ అనే క్లబ్బు డబ్బుల్లేక 2019లో లీగ్ నుంచే బహిష్కరణకు గురైంది.

అందుకే అదుపు వద్దని నేననను. కాని ఆ అదుపు ఎవరికి మేలు చేసిందో చూడాలి. 2003లో రష్యా కుబేరుడు రోమన్ అబ్రమోవిచ్ చెల్సీని కొన్నప్పుడు, 2008లో సిటీ చేతులు మారినప్పుడు ఈ గీతలు లేవు. యజమాని డబ్బుతో జట్టు కట్టారు, గెలిచారు, గెలుపుతో స్పాన్సర్లు వచ్చారు, రాబడి పెరిగింది. ఆ తర్వాత రాబడి మేరకే ఖర్చన్న నియమం వచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు. ఇప్పుడు యూఈఎఫ్‌ఏ పద్ధతిలో జీతాలు, ఆటగాళ్ల కొనుగోలు తరుగుదల, ఏజెంట్ల రుసుములు కలిపి రాబడిలో 70 శాతం దాటకూడదు. ప్రీమియర్ లీగ్ కూడా నష్టాల గీతను వదిలి, 2026-27 నుంచి 85 శాతం పద్ధతికి మారాలని ఓటేసింది. రాబడి 60 కోట్లున్నవాడి 85 శాతం, 30 కోట్లున్నవాడి 85 శాతం ఒకటి కావు కదా.

2025 మార్చి 16న వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్. లివర్‌పూల్ మీద న్యూకాసిల్ 2-1తో గెలిచింది. ఇంగ్లండ్‌లో ఒక పెద్ద కప్పు ఆ ఊరికి రావడం 1955 తర్వాత అదే మొదలు. మొదటి గోల్ తలతో కొట్టింది డాన్ బర్న్, ఆ పక్కనే బ్లైత్‌లో పుట్టినవాడు. పదకొండేళ్లప్పుడు న్యూకాసిల్ అకాడమీ అతణ్ణి వద్దని పంపించేసింది. 2022లో అదే క్లబ్బు బ్రైటన్ నుంచి డబ్బిచ్చి వెనక్కి తెచ్చుకుంది. రెండో గోల్ అలెగ్జాండర్ ఇసాక్‌ది. అంతకు ముందు 2023-24 లెక్కల్లో లివర్‌పూల్ రాబడి 61 కోట్ల పౌండ్లు, న్యూకాసిల్‌ది 32 కోట్లు. ఆ ఫైనల్ అయిన ఐదున్నర నెలలకు, సెప్టెంబరు 1న, ఇసాక్ 12.5 కోట్ల పౌండ్లకు లివర్‌పూల్‌కు వెళ్లిపోయాడు.